పిలవని టూల్‌బార్లు, పత్తా లేని డ్రైవర్లు

కొత్తగా విండోస్ ఎక్కించిన కంప్యూటర్‌లో వై-ఫై కనిపించకపోవడం పెద్ద జబ్బేమీ కాదు. ఆ వై-ఫైని రప్పించడానికి ఇంటర్నెట్‌లో వెతికి, మొదట కంటపడిన పచ్చటి డౌన్‌లోడ్ బొమ్మను నొక్కడంతో అసలు జబ్బు మొదలవుతుంది. మా పెదనాన్న ల్యాప్‌టాప్ నా చేతికి వచ్చేటప్పటికి ఈ రెండూ జరిగిపోయాయి.

పాత హార్డ్ డిస్క్ మొరాయించడంతో ఆయన దాని స్థానంలో కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయించి, విండోస్ 10ను మొదటి నుంచి ఎక్కించుకున్నారు. యంత్రం చకచకా తెరుచుకుంటోంది గాని తెర మీద అక్షరాలు బండగా ఉన్నాయి, వెలుతురు తగ్గించే మీటలు పనిచేయవు, వై-ఫై గుర్తే లేదు. ఫోనును కేబుల్‌తో తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి నెట్ తెప్పించుకున్నారు. ఇది చాలా మంచి ఉపాయం. ఆండ్రాయిడ్ ఫోను నుంచి కేబుల్ ద్వారా నెట్ అందుకోవడానికి కావలసిన డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రామ్) విండోస్‌లో ముందే ఉంటుంది కాబట్టి, నెట్‌వర్క్ డ్రైవర్ లేకపోయినా నెట్ వస్తుంది. డ్రైవర్ కోసం నెట్ కావాలి, నెట్ కోసం డ్రైవర్ కావాలి అనే చిక్కుముడి దీనితో విడిపోతుంది.

చిక్కు ఆ తర్వాతే వచ్చింది. తప్పిపోయిన డ్రైవర్లను వెతికిపెడతామనే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి ఆయనకు దొరికింది. అది కంప్యూటర్ అంతా తనిఖీ చేసినట్టు నటించి, ఎర్ర అక్షరాలతో ఒక జాబితా పరిచి, వీటన్నిటినీ బాగుచేయాలంటే ఏడాది చందా కట్టమంది. పెదనాన్న కట్టలేదు. అయితే దానితోపాటు వచ్చినవి మాత్రం పోలేదు. బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్ తెరిస్తే వాతావరణం, కూపన్లు, ఆటలు అంటూ బొమ్మల పట్టీతో ఎవరిదో తెలియని పేజీ వస్తోంది. ఏం వెతికినా ఆ పేజీ గుండానే వెళ్తోంది. తెర మూలన ప్రకటనలు ఉబికి వస్తున్నాయి.

“డ్రైవర్లు తనే తెచ్చిపెడతానంది కదమ్మా, నాకెందుకు శ్రమ అనుకున్నాను” అన్నారాయన.

“మీరు డబ్బు కట్టలేదు, అది చాలు పెదనాన్నా” అన్నాను.

ముందు ఏది చేయాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. చాలామంది డ్రైవర్ల దగ్గర మొదలుపెడతారు, ఎందుకంటే కళ్లకు కనిపించే లోటు అదే. నేను బ్రౌజర్‌తోనే మొదలుపెడతాను. వెతుకులాట పరాయి చేతిలో ఉన్నంతసేపు, తయారీదారు పేరు పెట్టి వెతికినా పైన వచ్చేవి ప్రకటనలే. అసలు సైట్‌ను పోలిన నకలు పేజీలూ వాటిలో ఉండవచ్చు. అలాంటి బ్రౌజర్‌తో డ్రైవర్ దించుకోవడమంటే దొంగను దారి అడగడమే. అందుకే మొదట ఫోను కేబుల్ పీకేశాను. నెట్ లేనప్పుడు ఇవి తమను తాము మళ్లీ దించుకోలేవు.

కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రామ్‌ల జాబితా తెరిచి, పేర్ల వరస కాకుండా ఎక్కించిన తేదీ వరసలో పెట్టాను. ఈ పనికి ఇంతకంటే పదునైన పనిముట్టు లేదు. డ్రైవర్లు వెతికే ప్రోగ్రామ్ వచ్చిన తేదీ మీదే మరికొన్ని పేర్లు వేలాడుతున్నాయి. ఒకటి షాపింగ్ సహాయకుడు, ఒకటి బ్రౌజర్ రక్షకుడు, మరొకదానికి అర్థంలేని అక్షరాల పేరు. వీటిని తీసేసేటప్పుడు వచ్చే పెట్టెలను నిదానంగా చదవాలి. “ఉంచు” అనే మీట పెద్దగా, రంగుగా ఉంటుంది. “తీసివేత కొనసాగించు” అన్నది మాత్రం వెలిసిపోయిన బూడిదరంగులో, మీటలాగే కనిపించకుండా ఉంటుంది. ఒక పెట్టెలో అయితే తీసేసే ముందు మరో ఉచిత ప్రోగ్రామ్ ఎక్కించుకోమని ముందే టిక్కు పెట్టి ఉంచారు. ఇంటి నుంచి వెళ్లగొడుతుంటే గుమ్మం దగ్గర తమ్ముణ్ణి వదిలి వెళ్లే అతిథిని ఇక్కడే చూశాను.

ప్రోగ్రామ్‌లు పోయినా కొత్త ట్యాబ్ పేజీ పోలేదు. అది ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న అదనపు ప్రోగ్రామ్) రూపంలో క్రోమ్‌లో కూర్చుంది. ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్తే దానికి తీసేసే మీటే లేదు. ఈ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోందన్న సందేశం మాత్రం ఉంది. పదవీ విరమణ చేసిన మనిషి సొంత ల్యాప్‌టాప్‌కు సంస్థ ఎక్కడిది? పెదనాన్న అది చదివి, తాను పనిచేసిన కార్యాలయం వాళ్లు ఇంకా తన కంప్యూటర్‌ను చూస్తున్నారేమోనని నిజంగానే కంగారుపడ్డారు.

దీని వెనుక సంగతి ఇది. పెద్ద సంస్థలు తమ ఉద్యోగుల కంప్యూటర్లలో ఫలానా ఎక్స్‌టెన్షన్ తప్పనిసరిగా ఉండాలని నిర్ణయించడానికి క్రోమ్, ఎడ్జ్ వంటి బ్రౌజర్లలో ఒక సౌకర్యం ఉంది. దాన్ని పాలసీ అంటారు. ఆ నిర్ణయాలు విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో నమోదవుతాయి. కంప్యూటర్‌లో ఒకసారి అడ్మినిస్ట్రేటర్ అనుమతి సంపాదించిన ఏ ప్రోగ్రామ్ అయినా అక్కడ రాయగలదు. ఉచిత ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు ఆ అనుమతి మనమే ఇస్తాం. చిరునామా పెట్టెలో chrome://policy అని టైప్ చేస్తే ఏయే పాలసీలు అమలులో ఉన్నాయో కనిపిస్తాయి. అక్కడ ఒకే ఒక్కటి ఉంది, బలవంతంగా ఎక్కించవలసిన ఎక్స్‌టెన్షన్ల జాబితా. అందులో 32 అక్షరాల గుర్తింపు కోడ్. క్రోమ్ ఎక్స్‌టెన్షన్లన్నిటికీ ఇలాంటి కోడే ఉంటుంది. అంకెలు ఉండవు, ఇంగ్లిష్ అక్షరమాలలోని మొదటి 16 అక్షరాలే ఉంటాయి.

రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరకు వెళ్లి, ఆ భాగాన్ని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచాను. ఆ తర్వాతే ఆ జాబితాను తొలగించాను. కరెంట్ యూజర్ కింద కూడా అదే దారిలో చూడాలి, కొన్ని రెండు చోట్లా రాసుకుంటాయి. నిజమైన ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం ఈ పని చేయకూడదు, అక్కడి పాలసీలు నిజంగానే సంస్థవి. బ్రౌజర్ మూసి తెరిచాక తీసేసే మీట ప్రత్యక్షమైంది. నొక్కాను, పోయింది. సెర్చ్ ఇంజిన్, ప్రారంభ పేజీ పాత స్థితికి తెచ్చాను. మూలన ఉబికే ప్రకటనలకూ ఎక్స్‌టెన్షన్‌కూ సంబంధం లేదు. ఏదో సైట్ నోటిఫికేషన్లు పంపుతానంటే అనుమతించు అని నొక్కిన ఫలితం అవి. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా నుంచి ఆ సైట్లను తొలగించడంతో ఆగిపోయాయి. వీటిని వైరస్ అనుకుని యాంటీవైరస్‌లు మార్చే వాళ్లను చాలామందిని చూశాను.

అయినా టాస్క్‌బార్ మీది క్రోమ్ బొమ్మ నొక్కితే పాత పేజీయే వచ్చింది. స్టార్ట్ మెనూ నుంచి తెరిస్తే రాలేదు. ఈ తేడాయే ఆచూకీ చెప్పింది. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడి ఉంటుంది, అందులో ప్రోగ్రామ్ దారి కొటేషన్ గుర్తుల మధ్య ఉండి మామూలుగా అక్కడితో ముగుస్తుంది. ఇక్కడ గుర్తు ముగిశాక ఒక ఖాళీ, ఆపైన ఆ సైట్ చిరునామా తగిలించి ఉంది. గడి చిన్నది కావడంతో తోక కనిపించదు, కర్సర్‌ను చివరిదాకా జరిపితే గాని బయటపడదు. టాస్క్‌బార్, డెస్క్‌టాప్ షార్ట్‌కట్లు దేనికదే వేరు కాబట్టి రెండింటిలోనూ తోక కత్తిరించాను. టాస్క్ షెడ్యూలర్‌లో లాగిన్ అయిన ప్రతిసారీ నడవడానికి పెట్టిన పని ఒకటి దొరికింది, దాన్నీ తొలగించాను. నెట్‌ను వేరే దారి పట్టించగల ప్రాక్సీ సెట్టింగ్, హోస్ట్స్ ఫైల్ చూశాను, రెండూ శుభ్రంగానే ఉన్నాయి. అన్నట్టు ఆ హోస్ట్స్ ఫైల్ ఉండేది సిస్టమ్32లో డ్రైవర్స్ అనే ఫోల్డర్ లోపల. డ్రైవర్లతో దానికి ఏ సంబంధమూ లేదు.

చేత్తో చేయగలిగినది అయ్యాక మళ్లీ ఫోను తగిలించి, మాల్వేర్‌బైట్స్ కంపెనీ వాళ్ల, ఇలాంటి అవాంఛిత ప్రోగ్రామ్‌లను ఏరే యాడ్‌డబ్ల్యూ క్లీనర్‌ను వాళ్ల సొంత సైట్ నుంచే దించి నడిపాను. మిగిలిపోయిన కొన్ని రిజిస్ట్రీ ముక్కలను అది ఏరింది. దాన్నే మొదట నడపవచ్చు కదా అంటే నడపవచ్చు. కానీ ఏది ఎక్కడ దాక్కుందో తెలియకుండా పోతుంది, మళ్లీ వస్తే మళ్లీ చీకట్లోనే ఉంటాం. చివరగా విండోస్ సెక్యూరిటీలో, యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ కింద, అవాంఛిత యాప్‌లను అడ్డుకునే మీట ఆన్ చేశాను. విండోస్ 10లో ఈ మీట 2020 మే అప్‌డేట్‌తో వచ్చింది.

టూల్‌బార్ల కాలం అయిపోయిందని అనుకుంటాం. నిజానికి పట్టీ రూపమే పోయింది. ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నెత్తిన వరసలు వరసలుగా కూర్చునేవి, పేజీకి సగం తెర కూడా మిగిలేది కాదు. జావా లాంటి చాలామందికి అవసరమైన సాఫ్ట్‌వేర్‌తో కూడా ఆస్క్ టూల్‌బార్ ఏళ్ల తరబడి అంటుకుని వచ్చేది, ముందే టిక్కు పెట్టి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు విండోస్ 10లో 2022 జూన్ 15తో మద్దతు ముగిసింది. ఇప్పటి బ్రౌజర్లు అలాంటి పట్టీకి చోటివ్వవు. అందుకే అవి కొత్త ట్యాబ్ పేజీని, సెర్చ్‌ను పట్టుకున్నాయి. వాటికి కావలసింది మన వెతుకులాట తమ గుండా వెళ్లడమే, ప్రకటనల డబ్బు అక్కడే ఉంది. ఉచిత ప్రోగ్రామ్‌తో వీటిని కలిపి పంపేవాళ్లకు, ఎక్కిన ప్రతి కంప్యూటర్‌కూ ఇంత అని ముడుతుంది. కాబట్టి ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు ఎక్స్‌ప్రెస్ అనే ఎంపికను వదిలి కస్టమ్ అనేదాన్ని ఎంచుకుని, ముందే పెట్టిన టిక్కులు తీసేయడం వీటిని గుమ్మంలో ఆపే మంచి పద్ధతి.

ఇక డ్రైవర్లు. కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిస్తే అదర్ డివైసెస్ కింద పసుపు త్రికోణాలు బారులు తీరి ఉన్నాయి. నెట్‌వర్క్ కంట్రోలర్, ఎస్‌ఎం బస్ కంట్రోలర్, పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్, పీసీఐ డివైస్, ఆఖరున అన్‌నోన్ డివైస్. దేని ప్రాపర్టీస్ తెరిచినా కోడ్ 28 అంటోంది, అంటే డ్రైవర్ ఎక్కలేదని అర్థం. ఈ పేర్లు పట్టుకుని వెతికితే ఎక్కడికీ చేరం. ల్యాప్‌టాప్ లోపలి వై-ఫై కార్డు ఏ కంపెనీదైనా డ్రైవర్ లేనప్పుడు సాధారణంగా నెట్‌వర్క్ కంట్రోలర్ అనే కనిపిస్తుంది. పెదనాన్న ఆ పేరుతోనే వెతికారు, అందుకే ఆ ఉచిత ప్రోగ్రామ్ దగ్గర తేలారు.

వెతకవలసింది పేరుతో కాదు, సంఖ్యతో. ప్రతి పరికరమూ తానెవరో తనే చెప్పుకుంటుంది. ప్రాపర్టీస్‌లో డీటైల్స్ ట్యాబ్‌కు వెళ్లి, ప్రాపర్టీ అనే పెట్టెలో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే పొడవాటి వరసలు కొన్ని వస్తాయి. అందులో వెన్ తర్వాత ఉండే నాలుగు స్థానాలు చిప్ తయారుచేసిన కంపెనీవి, డెవ్ తర్వాతి నాలుగు ఆ కంపెనీ చిప్‌లలో ఇది ఏదో చెప్పేవి. కంపెనీ సంఖ్యలను పీసీఐ (మదర్‌బోర్డుకు ఇలాంటి చిప్‌లను, కార్డులను కలిపే పద్ధతి) ప్రమాణాలు చూసే పీసీఐ సిగ్ సంస్థ కేటాయిస్తుంది. ఇంటెల్ సంఖ్య 8086, తన పేరుమోసిన ప్రాసెసర్ సంఖ్యనే తీసుకుంది. రియల్‌టెక్ 10ఈసీ, ఎన్విడియా 10డీఈ, ఏఎండీ గ్రాఫిక్స్ 1002. కొన్నాళ్లు ఈ పని చేస్తే ఇవి నోటికి వచ్చేస్తాయి. ఆ తర్వాత సబ్‌సిస్ అనే ఎనిమిది స్థానాల్లో చివరి నాలుగూ ల్యాప్‌టాప్ కంపెనీవి, 1028 అయితే డెల్, 103సీ అయితే హెచ్‌పీ, 17ఏఏ అయితే లెనోవో. కింద స్టిక్కర్ చెరిగిపోయిన యంత్రం ఎవరిదో కూడా ఇలా తెలుసుకోవచ్చు.

నెట్‌వర్క్ కంట్రోలర్ 14ఈ4, 4365 అని చెప్పింది. బ్రాడ్‌కామ్ వాళ్ల బీసీఎం43142 చిప్. పీసీఐ డివైస్ 10ఈసీ, 5229 అంది, అంటే రియల్‌టెక్ కార్డు రీడర్. పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ అనేది ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న యంత్రాల్లో దాదాపు ఎప్పుడూ మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే ఇంటెల్ సొంత నియంత్రణ భాగమే. పేరు చూసి మోడెమ్ అనుకుని దాని కోసం తిరిగేవాళ్లు ఉన్నారు.

ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఈ మోడల్‌కు విండోస్ 8.1తోనే డ్రైవర్లు ఆగిపోయాయి. చాలాసార్లు అవే విండోస్ 10లోనూ పనిచేస్తాయి, మేనేజ్‌మెంట్ ఇంజిన్‌కు అదే వాడాను. వై-ఫైకి మాత్రం మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌కు వెళ్లాను. అది చూడటానికి బోసిగా ఉండే సైట్, ప్రకటనలు ఉండవు, నకిలీ మీటలు ఉండవు. వెతికే పెట్టెలో ఆ వెన్, డెవ్ భాగాన్ని ఉన్నదున్నట్టు అతికిస్తే ఆ చిప్‌కు సరిపడే డ్రైవర్లు తేదీలతో సహా వస్తాయి. దించే ముందు పేరు మీద నొక్కితే చిన్న కిటికీలో ఆర్కిటెక్చర్ అని ఉంటుంది. అక్కడ ఏఎండీ64 అని చూసి, మనది ఇంటెల్ కదా అని వెనక్కి పోనక్కరలేదు. ఈ రకం ప్రాసెసర్లకు 64 బిట్ల విధానాన్ని మొదట రూపొందించింది ఏఎండీ కావడంతో ఆ పేరు నిలిచిపోయింది, ఇంటెల్ యంత్రాలకూ అదే వర్తిస్తుంది.

దిగేది క్యాబ్ ఫైల్, అంటే జిప్ లాంటి ఫైళ్ల మూట. రెండుసార్లు నొక్కి తెరిచి, లోపలి ఫైళ్లన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేశాను. అందులో ఐఎన్‌ఎఫ్ ఫైల్ ఏ సంఖ్య గల పరికరానికి ఏమి చేయాలో చెప్పే పాఠం, ఎస్‌వైఎస్ అసలు డ్రైవర్, క్యాట్ దాని డిజిటల్ సంతకం. 64 బిట్ల విండోస్ విస్టా కాలం నుంచి సంతకం లేని డ్రైవర్‌ను మామూలుగా లోపలికి రానివ్వదు. ఐఎన్‌ఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి మన సంఖ్య ఉందో లేదో చూసుకుంటే అనుమానం తీరిపోతుంది. తర్వాత డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, ఆ ఫోల్డర్. త్రికోణం పోయి వై-ఫై గుర్తు వచ్చింది. వై-ఫై వచ్చాక విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్‌లో గ్రాఫిక్స్, కార్డు రీడర్ డ్రైవర్లు సిద్ధంగా ఉన్నాయి. తెర బండతనం, వెలుతురు సమస్య రెండూ గ్రాఫిక్స్ డ్రైవర్‌తో తీరాయి. అంతకుముందు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అనే తాత్కాలిక ఏర్పాటు మీద నడిచింది.

ఎస్‌ఎం బస్ కంట్రోలర్‌కు ఇంటెల్ చిప్‌సెట్ ప్యాకేజీ ఎక్కించాను. ఇది తమాషా అయిన డ్రైవర్. చాలా భాగం పరికరానికి దాని అసలు పేరు చెప్పే పాఠమే, నడిచే ప్రోగ్రామ్ ఉండదు. ఎక్కాక పెదనాన్న ప్రాపర్టీస్ చూసి ఉలిక్కిపడ్డారు.

“ఇదేమిటమ్మా, డ్రైవర్ తేదీ 1968 జూలై 18 అని ఉంది! ఆ ప్రోగ్రామ్ పాతవి ఉన్నాయని చెప్పింది నిజమేనా?”

అది ఇంటెల్ సంస్థ పుట్టిన రోజు. కావాలని అలా పెట్టారు. ఒకే పరికరానికి సమానంగా సరిపోయే రెండు డ్రైవర్లు ఉంటే విండోస్ కొత్త తేదీ ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. ల్యాప్‌టాప్ కంపెనీ ఆ యంత్రం కోసం ప్రత్యేకంగా చేసిన డ్రైవర్‌ను ఈ సాధారణ ప్యాకేజీ తోసేయకూడదని తేదీని అంత వెనక్కి నెట్టారు. విండోస్‌తోపాటు వచ్చే మైక్రోసాఫ్ట్ డ్రైవర్లలో చాలావాటికి 2006 జూన్ 21 అని ఉండటానికీ కారణం ఇలాంటిదే. డ్రైవర్లు వెతికే ప్రోగ్రామ్‌లు ఎర్ర అక్షరాల్లో చూపే పాత డ్రైవర్లలో ఇలాంటివి కలిసిపోయి ఉంటాయి. తేదీని మాత్రమే చూసి డబ్బు అడిగే ఏ ప్రోగ్రామ్‌నూ నేను పైసా కూడా నమ్మను.

అన్‌నోన్ డివైస్ ఒక్కటి మిగిలింది. దాని సంఖ్యలో వెన్, డెవ్ లేవు. ఏసీపీఐ అని మొదలై, ఎస్‌ఎంఓ8800 అని ఉంది. ఇలా కనిపించేవి మదర్‌బోర్డు తన గురించి విండోస్‌కు చెప్పే పరికరాలు. ఇది ల్యాప్‌టాప్ జారి పడుతుంటే పసిగట్టే సెన్సర్. పడే లోపలే హార్డ్ డిస్క్ తలను పక్కకు తప్పించి, పళ్లెం గీసుకుపోకుండా కాపాడటానికి పెట్టింది. పెదనాన్న యంత్రంలో ఇప్పుడున్నది ఎస్‌ఎస్‌డీ, అందులో తలా లేదు, పళ్లెమూ లేదు. డ్రైవర్ వేసినా వేయకపోయినా ఒకటేనని చెప్పాను. పసుపు గుర్తు కనిపిస్తుంటే తనకు నిద్రపట్టదన్నారు. కంపెనీ సైట్‌లోని పాత డ్రైవర్‌తో ఆ గుర్తు కూడా పోయింది.

చివరి పనిగా, ఎక్కించిన డ్రైవర్లన్నిటినీ పెన్ డ్రైవ్‌లోకి తీశాను. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో పీఎన్‌పీయుటిల్ ఆదేశానికి ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ అనే ఎంపిక ఉంది. దాని పక్కన నక్షత్రం గుర్తు, ఫోల్డర్ దారి ఇస్తే విండోస్‌తో రాకుండా తర్వాత వచ్చి చేరిన డ్రైవర్లన్నీ ఫోల్డర్లుగా సర్దుకుంటాయి. మళ్లీ విండోస్ ఎక్కించవలసి వస్తే నెట్ లేకుండానే అప్‌డేట్ డ్రైవర్‌కు ఆ పెన్ డ్రైవ్ చూపితే సరిపోతుంది. బ్లూటూత్ ఒక్కటి ఇంకా తేలలేదు. అది యూఎస్‌బీ పరికరంగా కనిపిస్తోంది కాబట్టి వెన్, డెవ్ బదులు విడ్, పిడ్ అనే సంఖ్యలతో క్యాటలాగ్‌లో వెతకాలి. పెదనాన్న దగ్గర బ్లూటూత్‌తో కలపవలసిన వస్తువేదీ లేదు, ఎప్పుడైనా కొంటే అప్పుడు చూద్దామన్నారు. ఆ సంఖ్యలు కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చాను.